తొమ్మిదో సెక్టార్

1981 ఆగస్టులో ఐబీఎం సంస్థ అమ్మకానికి పెట్టిన మొదటి పీసీలో, మదర్‌బోర్డు మీది రోమ్ చిప్పుల్లో ఒక మూల, పదకొండు బైట్ల చిన్న పట్టిక ఉండేది. ఫ్లాపీ డ్రైవ్ గురించి ఆ యంత్రానికి తెలిసినదంతా దాదాపుగా ఆ పదకొండు బైట్లే. మోటారు తిరగడం మొదలుపెట్టాక వేగం కుదురుకోవడానికి అర సెకను ఆగాలి, హెడ్డు ఒక ట్రాకు నుంచి ఇంకో ట్రాకుకు జరిగాక దాని వణుకు తగ్గడానికి 25 మిల్లీసెకన్లు ఆగాలి, ఒక్కో సెక్టార్‌లో 512 బైట్లు ఉంటాయి, కొత్త డిస్కును ఫార్మాట్ చేసేటప్పుడు ఖాళీ జాగాను ఫలానా బైటుతో నింపాలి. ఇలాంటి సంగతులన్నీ అందులో ఉంటాయి. ఆ వరసలో ఐదో బైటు విలువ 8. ఒక ట్రాకులో ఆఖరి సెక్టార్ ఎనిమిదోది అని దాని అర్థం. ఆ రోజుకి అది నిజం. రెండేళ్లు తిరక్కుండానే అబద్ధమైంది.

1983 మార్చిలో పీసీ ఎక్స్‌టీతో పాటు దాని ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ 2.0 వచ్చింది. అదే డిస్కు, అదే డ్రైవ్, అదే కంట్రోలర్ చిప్పు. కానీ ట్రాకుకు తొమ్మిది సెక్టార్లు. సెక్టార్ల మధ్య వదిలే ఖాళీలను కొంచెం కుదిస్తే తొమ్మిదోదానికి చోటు దొరికింది. 40 ట్రాకులు, 2 వైపులు, 9 సెక్టార్లు, 512 బైట్లు గుణిస్తే 3,68,640 బైట్లు, అంటే 360 కిలోబైట్లు. అంతకు ముందు అదే డిస్కులో 320 పట్టేవి. మరి అప్పటికే అమ్ముడుపోయి జనం బల్లల మీద ఉన్న యంత్రాల గతి ఏమిటి? వాటి రోమ్‌లో 8 అని స్థిరంగా రాసి ఉంది. ఆఖరి సెక్టార్ ఎనిమిదోది అని చెబితే, కంట్రోలర్ చిప్పు ఎనిమిదోది చదవగానే ట్రాకు అయిపోయిందనుకుని డిస్కు రెండో వైపుకు వెళ్లిపోతుంది. తొమ్మిదోది పక్కనే ఉన్నా దాటేస్తుంది. ఐబీఎం ఆ యంత్రాలను వెనక్కి పిలవలేదు, చిప్పులు మార్చుకొమ్మనీ అనలేదు. డాస్ 2.0 డిస్కులో అన్నిటికన్నా ముందుండే సెక్టార్‌లో, అంటే బూట్ సెక్టార్‌లో, 9 అని రాసిన కొత్త పట్టికను పెట్టి పంపింది. యంత్రం ఆ డిస్కుతో మొదలైనప్పుడల్లా తన పాత నమ్మకాన్ని పక్కన పెట్టి కొత్తదాన్ని అందుకుంటుంది.

ఇది ఎలా వీలైందన్నది ఈ అధ్యాయానికి ఆయువుపట్టు, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. పట్టిక రోమ్‌లో ఉంది. రోమ్‌లో ఉన్నది మారదు. అయితే ఆ పట్టిక ఎక్కడుందో చెప్పే చిరునామాను మాత్రం రోమ్‌లో కాక ర్యామ్‌లో పెట్టారు. మెమరీ అడుగున ఉండే ఇంటరప్ట్ చిరునామాల వరసలో, పదహారు ఆధారంగా లెక్కపెట్టే పద్ధతిలో 1ఈ అనే స్థానం దానిది. ఫ్లాపీని తాకే ప్రతిసారీ, రోమ్‌లో ఉండే బయోస్ అనే కోడ్ ఆ చిరునామా చూసి, అది ఎటు చూపిస్తే అక్కడి పట్టికనే చదువుతుంది. చిరునామా మార్చేస్తే చాలు, రోమ్‌ను ముట్టుకోకుండానే యంత్రం కొత్త కొలతలతో పనిచేస్తుంది. యంత్రాన్ని ఆన్ చేయగానే బయోస్ చేసే ఆఖరి పని డిస్కులోని మొదటి ట్రాకు, మొదటి వైపు, మొదటి సెక్టార్‌ను చదివి, ఆ 512 బైట్లను మెమరీలో 7సీ00 అనే స్థానంలో దించి, పగ్గాలు దానికి అప్పజెప్పడం. ట్రాకుకు ఎనిమిది సెక్టార్లున్నా, తొమ్మిదున్నా, పద్దెనిమిదున్నా మొదటి సెక్టార్ మొదటి సెక్టారే. అందువల్ల, బిట్లు వచ్చే వేగం సరిపోతే చాలు, డిస్కు కొలతలు ఏమీ తెలియని యంత్రం కూడా ఆ ఒక్క సెక్టార్‌ను చదవగలదు. మిగతా కొలతలు ఏమిటో ఆ సెక్టారే చెబుతుంది. డాస్ తర్వాత్తర్వాతి వెర్షన్లలో ఈ పద్ధతి ఇంకా నేర్పుగా తయారైంది: బూట్ కోడ్ రోమ్‌లోని పదకొండు బైట్లనూ ర్యామ్‌లోకి నకలు తీసుకుంటుంది, సెక్టార్ల సంఖ్యను డిస్కు తన గురించి తాను రాసుకున్న వివరాల నుంచి తెచ్చి దిద్దుతుంది, హెడ్డు కుదురుకునే వ్యవధిని 15 మిల్లీసెకన్లకు తగ్గిస్తుంది, చిరునామాను ఈ నకలు వైపు తిప్పుతుంది. సంస్థ పేరు, డిస్కు వివరాలు, దారి తప్పితే చూపించే సందేశం, వెతకాల్సిన ఫైళ్ల పేర్లు, ఇవన్నీ పోగా మిగిలిన కొద్ది వందల బైట్లలోనే ఇదంతా ఇమిడిపోవాలి. పొదుపైన ప్రోగ్రామింగ్ అంటే ఏమిటో నేర్చుకోవాలనుకునే విద్యార్థికి ఇంతకన్నా మంచి పాఠం తక్కువ.

దీన్నిబట్టి నేను చెప్పదలచుకున్నది ఇది. పాత కంప్యూటరు కొత్త ఫ్లాపీని వద్దంటే, చాలాసార్లు అది చేతకాక కాదు, తెలియక. దాని ఇనుము, తీగలు, మోటారు ఆ పని చేయగలవు. అది పుట్టిన నాటికి లోకంలో ఉన్న డిస్కుల కొలతలు దాని కోడ్‌లో గడ్డకట్టి ఉండడమే అడ్డు. ఆ కొలతలను దిద్దడం యంత్రానికి చేసే అపచారం అనుకోనక్కర్లేదు. అది మరమ్మతు. పైగా దాన్ని కట్టిన ఇంజనీర్లే ఆ మరమ్మతుకు తలుపు తీసి ఉంచారు. అయితే కోడ్ ఎక్కడి దాకా పనిచేస్తుందో, అయస్కాంత ధర్మాలు ఎక్కడ అడ్డుపడతాయో తేడా తెలియకుండా దిగితే డిస్కులూ పోతాయి, వాటిలోని సమాచారమూ పోతుంది.

ఇలా గడ్డకట్టిన కొలతలు ఎంత లోతుకు పోతాయో చూపించే ఉదాహరణ ఒకటి ఉంది. ఐబీఎం పీసీలో ఫ్లాపీని నడిపేది ఎన్ఈసీ వారి 765 కంట్రోలర్ చిప్పు. హెడ్డు ఎక్కడుందో తెలియనప్పుడు దాన్ని మొదటి ట్రాకుకు వెనక్కి రప్పించే ఆజ్ఞ అందులో ఉంది. ఆ ఆజ్ఞ అందితే చిప్పు 77 అడుగులు వెనక్కి వేయించి ఆగిపోతుంది. 77 ఎందుకు? ఆ చిప్పును రూపొందించిన రోజుల్లో రాజ్యమేలిన ఎనిమిది అంగుళాల ఫ్లాపీకి 77 ట్రాకులు కనుక. తర్వాత 80 ట్రాకుల డ్రైవ్‌లు వచ్చాయి. హెడ్డు ఆఖరి ట్రాకు మీద ఉన్నప్పుడు ఈ ఆజ్ఞ ఇస్తే అది గమ్యానికి రెండడుగుల ముందే ఆగి, చిప్పు తప్పు జరిగిందని చెబుతుంది. విషయం తెలియనివాడు డ్రైవ్ పాడైందనుకుంటాడు. తెలిసినవాడు కోడ్‌లో అదే ఆజ్ఞను రెండోసారి ఇస్తాడు, హెడ్డు చేరుకుంటుంది. పరిష్కారం కొన్ని బైట్లే. కానీ ఆ బైట్లు రాయాలంటే ఎప్పుడో మరుగున పడిన ఎనిమిది అంగుళాల డిస్కు చరిత్ర తెలిసి ఉండాలి.

యంత్రాన్ని తాకే కోడ్‌ను ఇలా దిద్దుకునే మార్గానికి మూలపురుషుడు గ్యారీ కిల్డాల్. 1974లో ఆయన రాసిన సీపీ/ఎం ఆపరేటింగ్ సిస్టమ్ త్వరలోనే వేర్వేరు కంపెనీల యంత్రాలమీద నడవాల్సి వచ్చింది. డ్రైవ్‌లు ఒక్కో చోట ఒక్కో రకం. అందుకని ఆయన యంత్రాన్ని ముట్టుకునే భాగాన్నంతా ఒక చిన్న ముక్కగా విడదీసి, దానికి బయోస్ అని పేరు పెట్టాడు. మిగతా సిస్టమ్‌ను కదపకుండా ఆ ముక్కను ఎవరి యంత్రానికి తగ్గట్టు వారు రాసుకోవచ్చు. ట్రాకుకు ఎన్ని సెక్టార్లు, డిస్కులో మొత్తం ఎంత జాగా అన్న కొలతలు తర్వాతి వెర్షన్లలో విడిగా పట్టికలకెక్కాయి. డ్రైవ్ మార్చినవాడు పట్టిక మార్చుకోవడం అప్పటి వాడుకదారులకు రోజువారీ వ్యవహారం. అంటే బూట్ కోడ్‌నూ బయోస్‌నూ దిద్దుకోవడం ఇప్పటి పాతయంత్రాల ప్రియులు కనిపెట్టిన వింత కాదు. పర్సనల్ కంప్యూటర్ పుట్టినప్పటినుంచీ దానితోనే ఉన్న సంప్రదాయం.

ఇక కొత్త ఫ్లాపీ అంటే ఏది? ఇక్కడ రెండు మెట్లు వేరుచేసి చూడాలి. మొదటి మెట్టు 3.5 అంగుళాల 720 కిలోబైట్ల డిస్కు. దీని డ్రైవ్ నిమిషానికి 300 సార్లు తిరుగుతుంది, బిట్లు సెకనుకు 2,50,000 చొప్పున వస్తాయి, ట్రాకుకు 9 సెక్టార్లు. పాత 360 కిలోబైట్ల డ్రైవ్‌కూ ఈ మూడు అంకెలూ అవే. తేడా ఒక్కటే, 40 ట్రాకుల బదులు 80. కాబట్టి ఎక్స్‌టీ తరం యంత్రానికి ఈ డ్రైవ్‌ను తగిలిస్తే మొదటి సెక్టార్ ఏ ఇబ్బందీ లేకుండా చదవబడుతుంది. 80 ట్రాకులున్నాయని ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలియజేస్తే చాలు. 1986లో వచ్చిన డాస్ 3.2 ఆ పనే చేసింది. ఇక్కడ సోల్డరింగ్ లేదు, చిప్పులు పీకడం లేదు. మొత్తం కోడ్‌దే.

రెండో మెట్టు 1.44 మెగాబైట్ల డిస్కు. ట్రాకుకు 18 సెక్టార్లు, సెకనుకు 5,00,000 బిట్లు. ఎక్స్‌టీ కాలపు కంట్రోలర్ కార్డుల్లో చాలావాటి గడియారం 2,50,000కే కట్టి ఉంటుంది. మొదటి సెక్టారే అందనప్పుడు బూట్ కోడ్ ఎంత గొప్పగా రాసినా ఏం లాభం? అందుకని రెట్టింపు వేగం అందుకునే కార్డు కావాలి, ఆ కార్డును నడపడం తెలిసిన కోడ్ కూడా యంత్రం మొదలయ్యే వేళకే సిద్ధంగా ఉండాలి. డిస్కు మీద ఉంచితే ఆ డిస్కును చదవడానికే అది కావాలి కదా. కాబట్టి కార్డు మీదే ఒక చిన్న రోమ్‌లో ఉంచుతారు. దీనికీ తలుపు ఉంది. ఎక్స్‌టీ బయోస్ మొదలయ్యేటప్పుడు మెమరీ పైభాగంలో రెండేసి కిలోబైట్లకు ఒకసారి ఆగి, 55, ఏఏ అనే రెండు బైట్ల గుర్తు కోసం చూస్తుంది. కనిపిస్తే ఆ రోమ్‌లోని బైట్లన్నిటినీ కూడుతుంది. మొత్తంలో ఆఖరి బైటు సున్నా వస్తే అది చెడిపోని రోమ్ అని నమ్మి, పగ్గాలు కాసేపు దానికిస్తుంది. ఆ సమయంలో అది ఫ్లాపీ పనులన్నీ తన మీదకు మళ్లించుకుంటుంది. రోమ్‌లో ఒక్క బైటు దిద్దినా, ఆ కూడిక మళ్లీ సున్నా అయ్యేలా ఇంకో బైటును సవరించాలన్నది ఈ పనిలో దిగినవారు మొదటి రోజే నేర్చుకునే నియమం. అయితే 1981 నాటి మొట్టమొదటి పీసీల బయోస్‌కు ఇలా వెతికే అలవాటు లేదు. అది 1982 అక్టోబర్ 27 తేదీ వేసిన బయోస్‌తో వచ్చింది. అంతకు ముందటి యంత్రమైతే మదర్‌బోర్డు మీది బయోస్ చిప్పునే మార్చాలి. ఇంత చిన్న తేదీ తేడా ఇంత పెద్ద పని తేడాకు దారితీస్తుంది.

పాత ప్రాసెసర్ ఈ వేగాన్ని తట్టుకోలేదన్న అభ్యంతరం తరచూ వినిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. సెకనుకు 5,00,000 బిట్లంటే ఒక్కో బైటు 16 మైక్రోసెకన్లకు ఒకసారి వస్తుంది. 4.77 మెగాహెర్ట్జ్‌లో నడిచే 8088 ప్రాసెసర్ ఆ వ్యవధిలో 76 గడియారపు టిక్కులు వేస్తుంది. ప్రతి బైటునూ ప్రాసెసర్ తానే మోయాల్సి వస్తే నిజంగా ఇరుకే. కానీ పీసీలో ఆ మోత ప్రాసెసర్‌ది కాదు. బైట్లను నేరుగా మెమరీలోకి చేర్చే డీఎంఏ చిప్పు వేరే ఉంది, దానికి 16 మైక్రోసెకన్లు ధారాళంగా సరిపోతాయి. పైగా రెట్టింపు సాంద్రతతో రాసే ఎనిమిది అంగుళాల డ్రైవ్‌లు అప్పటికే ఇదే వేగంతో బిట్లు పంపేవి. 5.25 అంగుళాల 1.2 మెగాబైట్ల డ్రైవ్ నిమిషానికి 360 సార్లు తిరగడం, సెకనుకు 5,00,000 బిట్లు ఇవ్వడం ఆ పెద్ద డ్రైవ్‌తో అచ్చంగా సరిపోతాయి. ఎనిమిది అంగుళాల యంత్రాన్ని బతికించాలనుకునేవారు దాని స్థానంలో ఈ డ్రైవ్‌ను కట్టడానికి కారణం ఇదే.

ఇంతవరకు కోడ్ గెలిచింది. అది ఓడిపోయే చోటు డిస్కు పూత. ఫ్లాపీ మీద ఉండేది అయస్కాంత కణాల పలచటి పొర. ఒక బిట్‌ను రాయాలంటే ఆ కణాల అయస్కాంత దిశను తిప్పగలిగేంత బలం హెడ్డు చూపాలి. పాత 360 కిలోబైట్ల డిస్కుకు ఆ బలం సుమారు 300 ఆయిర్‌స్టెడ్‌లు చాలు. 1.2 మెగాబైట్ల డిస్కుకు దాదాపు 600 కావాలి. పాత డ్రైవ్ హెడ్డు తన బలంతో కొత్త డిస్కు మీద రాస్తే కణాలు సగం తిరిగీ తిరగక ఉండిపోతాయి. రాసినది అప్పటికి చదవగలిగేట్టే అనిపించి కొన్నాళ్లకు మాయమవుతుంది. ఏ బూట్ కోడూ దీన్ని దిద్దలేదు. 3.5 అంగుళాల డిస్కుల్లో మాత్రం తేడా చిన్నది: 720 కిలోబైట్లదానికి 600 పైచిలుకు, 1.44 మెగాబైట్లదానికి 700 పైచిలుకు. అందుకే దొరక్క దొరికిన 1.44 డిస్కును, దాని మూలనున్న గుర్తింపు రంధ్రాన్ని టేపుతో మూసి, 720గా వాడుకోవడం కుదురుతుంది. అందులో లోగడ 1.44గా రాసినదేమైనా ఉంటే బలమైన అయస్కాంతంతో పూర్తిగా తుడిచి మొదలుపెట్టాలి. ట్రాకు వెడల్పు ఇంకో అడ్డు. 1.2 మెగాబైట్ల డ్రైవ్ హెడ్డు సన్నది. 360 డిస్కు మీద అది తిరగరాస్తే వెడల్పాటి పాత గీత మధ్యలో సన్నటి కొత్త గీత పడుతుంది. తిరిగి పాత డ్రైవ్‌లో పెట్టినప్పుడు దాని వెడల్పు హెడ్డుకు పాతదీ కొత్తదీ కలిసి వినిపిస్తాయి. చదవడానికి మాత్రం ఆ కొత్త డ్రైవ్ పనికొస్తుంది. అది వేగంగా తిరుగుతుంది కనుక బిట్ల వేగం 2,50,000 నుంచి 3,00,000కు పెరుగుతుందని కంట్రోలర్‌కు చెబితే సరి.

ఈ పరిజ్ఞానం మన దగ్గర ఎవరికి అక్కర అన్న ప్రశ్న న్యాయమైనది. 1984 నవంబర్‌లో కేంద్రం ప్రకటించిన కొత్త కంప్యూటర్ విధానం తర్వాత దిగుమతి నిబంధనలు సడలి, ఐబీఎం పీసీకి నకలైన యంత్రాలు దేశమంతా బ్యాంకుల్లో, ప్రెస్సుల్లో, ఫ్యాక్టరీల్లో, ట్యుటోరియల్ సెంటర్లలో వెలిశాయి. తెలుగుకు యూనికోడ్‌లో చోటు దొరికింది 1991లో, అది ఇళ్లకు చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఆలోగా తెలుగు కంప్యూటర్లో బతికింది వేరే దారుల్లో. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై పుణేలోని సీడాక్‌లో ఎదిగిన జిస్ట్ కార్డు అలాంటి దారి. పీసీ స్లాట్‌లో గుచ్చే ఆ కార్డు డాస్ తెర మీద భారతీయ లిపులను చూపించేది, అక్షరాలను ఇస్కీ పద్ధతిలో దాచేది. మిగతా ప్రోగ్రాములు ఎవరి ఫాంటు కోడ్ వారు వాడేవి. ఆంధ్రదేశం బయట స్థిరపడిన తెలుగువారి సంగతి తీసుకోండి. రాయ్‌పూర్‌లో, పక్కనే ఉన్న భిలాయిలో రైల్వే, ఉక్కు కర్మాగారాల వల్ల తరాలుగా తెలుగు కుటుంబాలున్నాయి. రాయ్‌పూర్ శంకర్ నగర్‌లోని ఒక ఇంటి అటక మీద అలాంటి రోజుల్లో కంపోజ్ చేసిన ఒక సంఘం సావనీరో, ఒక పెద్దాయన ఆత్మకథో ఫ్లాపీలో ఉందనుకోండి. తెలుగు అచ్చాఫీసులు దగ్గర లేని ఊళ్లో ఆ డిస్కు తప్ప వేరే ప్రతి ఉండకపోవచ్చు. అది ఏ కోడ్‌లో రాశారో తెలియనప్పుడు, రాసిన ప్రోగ్రామ్‌ను రాసిన యంత్రం మీదే తెరిచి చూడడం అన్నిటికన్నా నమ్మకమైన మార్గం. ఆ యంత్రానికి బూట్ అయ్యే డిస్కు కావాలి. దాని కాలపు 360 డిస్కులు ఇవాళ కొత్తవి దొరకవు.

ఎమ్యులేటర్ ఉండగా ఇదంతా ఎందుకంటారు కొందరు. అసలు యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే ఈ ప్రోగ్రాములంటే నాకు గౌరవమే. డిస్కును ముందు ఇమేజ్‌గా, అంటే బైటు బైటుకూ నకలుగా, తీసి భద్రపరచడం అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని అని కూడా ఒప్పుకుంటాను. కానీ జిస్ట్ లాంటి కార్డు మీద ఆధారపడ్డ సాఫ్ట్‌వేర్, ప్రింటర్ పోర్టుకు తాళం తగిలిస్తే తప్ప నడవని కంపోజింగ్ సాఫ్ట్‌వేర్ ఎమ్యులేటర్‌లో నడవాలంటే ఆ కార్డునూ ఆ తాళాన్నీ ఎవరో ముందుగా విప్పి అర్థం చేసుకుని అనుకరించి ఉండాలి. మన భాషల హార్డ్‌వేర్‌కు అలా పాటుపడినవారు బహు తక్కువ. ఇంకొందరు ఫ్లాపీ డ్రైవ్ స్థానంలో యూఎస్‌బీ పెన్‌డ్రైవ్ పెట్టే గోటెక్ లాంటి పరికరాన్ని చూపిస్తారు. మంచి పరికరమే. అయితే అది కూడా అదే 34 తీగల కేబుల్‌కు తగులుకుని, తాను ఫ్లాపీ డ్రైవ్‌నని యంత్రాన్ని నమ్మిస్తుంది. యంత్రం నమ్మే కొలతలు పాతవే అయితే అందులో 1.44 ఇమేజ్ పెట్టినా ఫలితం సున్నా. బూట్ కోడ్ సంగతి తప్పించుకునే దారి అది కాదు.

అసలుదనం పోతుందన్నది ఇంకో అభ్యంతరం. మ్యూజియం దృష్టితో చూస్తే దీనికి బరువుంది. 1967లో హైదరాబాద్‌లో ఏర్పడిన ఈసీఐఎల్ తయారుచేసిన టీడీసీ-12 లాంటి స్వదేశీ యంత్రాల విషయంలో నేను ఈ అభ్యంతరం పక్షమే. వేళ్ల మీద లెక్కించదగ్గన్నే మిగిలిన అలాంటి యంత్రాల చిప్పులను ఎవరూ కదిలించకూడదు. వాటిలో ఏముందో చదివి భద్రపరచాలి, అంతే. లక్షల్లో తయారైన పీసీ నకళ్ల సంగతి వేరు. బూట్ సెక్టార్‌లో చేసే మార్పు కొత్త డిస్కులో ఉంటుంది, యంత్రంలో ఏమీ మారదు. డిస్కు తీసేస్తే యంత్రం మళ్లీ పాతదే. బయోస్ చిప్పు మార్చినా, సాకెట్‌లోంచి తీసిన అసలు చిప్పును పేరు రాసి దాచుకోవచ్చు. వెనక్కి తిప్పగలిగిన మార్పుకూ తిప్పలేని మార్పుకూ మధ్య గీత గీయడమే ఇక్కడ సరైన నీతి.

బూట్ సెక్టార్‌ను మార్చడం వైరస్‌లు చేసే పని కదా అనేవారున్నారు. నిజమే. 1986లో లాహోర్‌లో పుట్టిన బ్రెయిన్ వైరస్ సరిగ్గా 360 కిలోబైట్ల డిస్కు బూట్ సెక్టార్‌లో దూరి, అసలుదాన్ని చెడిపోయినట్టు గుర్తుపెట్టిన సెక్టార్లలో దాచేది. 1990లో మన దేశంలో బయటపడిన జోషీ వైరస్ ఏటా జనవరి 5న జోషీకి పుట్టినరోజు శుభాకాంక్షలు టైపు చేయమని పీడించేది. రెండూ వాడుకున్నది డాస్ 2.0 వాడుకున్న తలుపునే. తలుపు ఉంది గనక దొంగలూ వచ్చారు. దానివల్ల తేలేది ఒక జాగ్రత్త: ఆ కాలపు డిస్కు చేతికొస్తే దానితో నేరుగా బూట్ చేయవద్దు. శుభ్రమైన డిస్కుతో యంత్రాన్ని మొదలుపెట్టి, అనుమానమున్న డిస్కు మొదటి సెక్టార్‌ను డేటాగా చదివి చూడండి. మనం ఏ బైటులో ఏ మార్పు చేశామో కాగితం మీద ఉంటే వైరస్‌కూ మరమ్మతుకూ తేడా గుర్తుపట్టడం కష్టం కాదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1957 నాటి మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, కంప్యూటర్ ప్రోగ్రామ్ ప్రతిని సక్రమంగా పొందినవారు దాన్ని ఏ పని కోసం ఇచ్చారో ఆ పనికి వాడుకోవడానికి నకలు తీసుకోవడాన్నీ, అనుగుణంగా మార్చుకోవడాన్నీ ఉల్లంఘనగా చూడదు. మీ యంత్రంలోని డాస్‌ను మీ యంత్రం కోసం దిద్దుకోవడం ఆ పరిధిలోకి వస్తుందని నా అభిప్రాయం. ఏదో కంపెనీ బయోస్‌ను దిద్ది నలుగురికీ పంచడం ఆ పరిధిలోకి రాదు. అందుకే ఈ రంగంలో మంచి పనంతా సొంతంగా రాసిన రోమ్‌ల రూపంలో, సోర్సు కోడ్ అందరికీ ఇచ్చి జరుగుతోంది.

ఆఖరి అభ్యంతరం, అన్నిటికన్నా గట్టిది: కొత్త ఫ్లాపీ కూడా చచ్చిపోయిన వస్తువే కదా, ఒక శవం నుంచి ఇంకో శవానికి ఎందుకు మార్చడం? అయితే ఆ శవాలతో పనిచేసే యంత్రాలు బతికే ఉంటాయి. శాన్‌ఫ్రాన్సిస్కో నగర రైళ్ల నియంత్రణ వ్యవస్థ 1998 నుంచి 5.25 అంగుళాల ఫ్లాపీలతో నడిచింది, దాన్ని మార్చే ఒప్పందం 2024లో గానీ కుదరలేదు. బోయింగ్ 747-400 విమానాలకు దారుల సమాచారం 28 రోజులకోసారి 3.5 అంగుళాల ఫ్లాపీలతో అందిన రోజులు మరీ పాతవి కావు. పనిచేసే యంత్రం ఆయుష్షు మీడియా ఆయుష్షు కంటే చాలాసార్లు ఎక్కువే. కొత్త డిస్కు శాశ్వతం అని నేను అనడం లేదు. అది ఇంకొన్నేళ్లు అదనంగా ఇస్తుంది, ఆ ఏళ్లలో డేటాను బయటికి తీయాలి. మేలో 45 డిగ్రీలకు చేరే రాయ్‌పూర్ ఎండకూ, ఆ వెంటనే వచ్చే ముసురుకూ అటక మీది డిస్కు తట్టుకునే కాలం కొద్దిదే. కవరు మీద అచ్చేసే నిల్వ ఉష్ణోగ్రత హద్దు సుమారు 50 డిగ్రీలు, రేకు కప్పు కింద అటక ఆ హద్దు దాటడం వింత కాదు. తేమకు పూత మీద బూజు పడితే ఆ డిస్కు తిరిగినప్పుడు హెడ్డునూ పాడుచేస్తుంది. సోనీ 2011లో ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. మనకు దొరికే డిస్కుల్లో చాలావాటి వయసు దాన్నిబట్టి ఊహించవచ్చు.

కాబట్టి మీ ఇంట్లోనో మీ సంఘం గదిలోనో ఇలాంటి పెట్టె ఉంటే ఈ వేసవికి ముందే దించండి. బూజు పట్టినవాటిని విడదీయండి. ఏ డిస్కునైనా డ్రైవ్‌లో పెట్టే ముందు రాయకుండా తాళం వేయండి, ఆ తాళం రెండు రకాల్లో ఒకదానికొకటి విరుద్ధం అని గుర్తుంచుకోండి: 5.25 అంగుళాల డిస్కుకు పక్కనున్న గాటును స్టిక్కర్‌తో మూయాలి, 3.5 అంగుళాల డిస్కుకు మూలనున్న కిటికీని తెరవాలి.